నూగంతా ఒకే వైపు

కదలకూడదట. మాట్లాడకూడదట. కాలు ఆడించకూడదట. ఈ మూడూ మానేస్తే నాలో ఊపిరి తప్ప ఇంకేం మిగులుతుంది? అదే అన్నాను. "ఊపిరి కూడా కాస్త మెల్లగా తీసుకో అమ్మమ్మా," అని నవ్వి, నా మనవరాలు నన్ను ఈ మూల స్టూలు మీద కూర్చోబెట్టి, నా కళ్ళజోడు మీద ఇంకో కళ్ళజోడు తగిలించింది. పైది ఈతగాళ్ళు పెట్టుకునే లాంటిది, పచ్చగా ఉంది, దాంట్లోంచి చూస్తే గదంతా పాచిపట్టిన నీళ్ళ అడుగున ఉన్నట్టుంది. చెప్పులకి ప్లాస్టిక్ తొడుగులు. వేలికి ఉంగరం కూడా తీయించింది, మెరిసేది ఏదీ ఈ గదిలో ఉండకూడదట, లేజరు కిరణం దాని మీద పడి చిట్లితే ఎవరి కంట్లో గుచ్చుకుంటుందో తెలీదట. నలభై తొమ్మిదేళ్ళుగా ఊడని ఉంగరం. సబ్బు నురగ రాసి, తిప్పి తిప్పి లాగితే వచ్చింది. కింద తెల్లటి గాడి మిగిలింది, చంటిబిడ్డ మెడ మడతలా. మీ తాతయ్య చూస్తే ఏమనేవాడో అన్నాను. తాతయ్య వేళ్ళు ఎప్పుడూ రంగులే, గోళ్ళలో నీలం, అరచేతి గీతల్లో ఎరుపు, ఆ చేత్తోనే ఈ ఉంగరం తొడిగాడు, అప్పుడూ సబ్బు కావాల్సి వచ్చింది, అంత బిగువు కొలత తెచ్చాడు మహానుభావుడు. బట్ట కొలత తెలిసినవాడికి వేలి కొలత తెలీలేదు.

ఎదురుగా మంచమంత ఇనప బల్ల. దాని నిండా వరుసగా చిల్లులు, కాజాలు తీసిపెట్టినట్టు. బల్ల గాలి మీద తేలుతోందట, అందుకే కాలు ఆడించకూడదు. మధ్యలో ఓ పెట్టె రొద చేస్తోంది, సన్నగా, ఎడతెగకుండా, పక్కగదిలో ఎవరో కుట్టుమిషను తొక్కుతున్నట్టు. అది వేడెక్కి కుదురుకోవడానికి గంట పడుతుంది, అప్పటిదాకా ఎవరూ ముట్టుకోకూడదు. గంట తర్వాత గళ్ళ చొక్కా ఆయన వస్తాడు, ఈ చదువులో పెద్ద తలకాయట. ఆయన ఎదురుగానే అంతా జరగాలి. నిరుడు నలుగురిలో నా మనవరాలి నోరు మూయించింది ఆయనే. ఇవాళ నిజం తేలితే దీని మూడేళ్ళ చదువూ నిలబడుతుంది, తేలకపోతే ఈ గది తాళం ఇచ్చేసి ఇంకెవరి కిందో ఇంకేదో పని మొదటినుంచీ మొదలుపెట్టుకోవాలి. ఇది గది చివర నల్ల తెర పక్కన నిలబడి గోళ్ళు కొరుక్కుంటోంది. చిన్నప్పుడు వేపరసం రాశాను ఆ గోళ్ళకి. చేదు నాకి మరీ కొరికేది.

నిజం అంటే ఏమిటో ఇది నాకు వంద సార్లు చెప్పింది, నూటొకటోసారి నాకు అర్థమైంది. ఆ పెట్టెలోంచి వచ్చే వెలుతురు మన కంటికి ఆనదు, ఎరుపుకి కూడా అవతలిది. అది వెళ్ళి ఓ గాజు పలక మీద అద్దిన బంగారం మీద పడుతుంది. అప్పుడు ఆ వెలుతురులో రెండేసి నలుసులు కలిసిపోయి, ఒక్కో ఆకుపచ్చ నలుసై బయటికి రావాలి. రెండు కలిసి ఒకటై రంగు కూడా మార్చుకుంటాయా, పెళ్ళి లాంటిదన్నమాట అన్నాను. "పెళ్ళిలో రెండూ మారవు అమ్మమ్మా, ఒకటే మారుతుంది," అంది. దీని నోరు నాదే, సందేహం లేదు. ఆకుపచ్చ నలుసు ఒకటి వస్తే అదిగో ఆ గొట్టం పట్టుకుని టిక్ మంటుంది. నా కళ్ళకి శుక్లాలు ముసిరాయి, చూసేది ఏం చూస్తాను గానీ, వినడానికేం. చెవులు మాత్రం ఇప్పటికీ పక్కింటి గుసగుసని కూడా వదలవు.

ఆ బంగారం సంగతి వింటే నవ్వొస్తుంది. నాడాలు, గుర్రపు నాడాలు, ఒక పక్క నోరు తెరుచుకున్నవి. నా వెంట్రుక మందంలో రెండు వందల నాడాలు పక్కపక్కన పడతాయట. తాకట్టు పెట్టుకోవడానికి కూడా పనికిరాని బంగారం అన్నాను. గుండ్రంగా, చక్కగా, ఏ పక్కనుంచి చూసినా ఒకేలా ఉండే చుక్కలు పెడితే ఆకుపచ్చ రాదట. ఒక పక్క నోరుండాలట, ఒక పక్క ఓరగా ఉండాలట. ఈ ముక్క విన్నప్పుడు నేను తెల్లబోయాను. జీవితమంతా ఓరలు సరిచేసినదాన్ని నేను. నాటకాల హాలు వెనక దుస్తుల గదిలో ముప్పై ఆరేళ్ళు కుట్టాను, భుజం ఓరగా వచ్చిందంటే విప్పి మళ్ళీ కుట్టాలి, అది లోకం. ఇక్కడేమో ఓర లేకపోతే వెలుతురే లేదు. ఓర ఉంటేనే పని.

ఆ దుస్తుల గదిలోనే ఇది పెరిగింది. వాళ్ళమ్మ, అంటే నా కూతురు, నర్సు, ఆస్పత్రిలో వంతుల డ్యూటీ, బిడ్డని పొద్దున్నే నా ఒళ్ళో పడేసి పోయేది. కత్తిరింపు బల్ల కింద దీని రాజ్యం. తాడు కట్టిన అయస్కాంతం ఒకటి ఇచ్చాను, రాలిన గుండుసూదులు ఏరడానికి. సూదిపిల్ల అని పేరు పెట్టారు అందరూ. ఒక్క సూది మిగలనిచ్చేది కాదు, బల్లకాళ్ళ సందుల్లో కూడా వెతికేది, దొరికితే పైకి తల పెట్టి "ఇదిగో ఇంకోటి," అనేది, గొంతులో ఎంత గర్వమో. ఇప్పుడు కూడా అంతే, కంటికి కనపడనిదాన్ని ఏరుకోవడమే దీని బతుకు. నీ అయస్కాంతమే నన్నీ చదువులో పడేసింది అంటుంది. అనకపోయినా బాగుండేది, ఎందుకంటే అయస్కాంతం ఒక్కటే కాదు నేనిచ్చింది.

తల-తోక. అదీ నేనిచ్చిందే. దీనికి ఏడేళ్ళప్పుడు పాత పేపర్లు పరిచి కత్తిరింపు నేర్పాను. కింద వెడల్పు, పైన సన్నం ఉన్న ముక్కలు, లంగాకో అంగీకో, అన్నీ ఒకే వైపు పెట్టి కోస్తే మధ్యలో బట్ట ఎంత వృథా. ఒకటి నిలువుగా, పక్కది తలకిందులుగా, మళ్ళీ నిలువుగా, మళ్ళీ తలకిందులుగా పెట్టావనుకో, ఒకదాని వెడల్పు పక్కన ఇంకోదాని సన్నం ఒదిగిపోతుంది, నాలుగు గజాల్లో ఐదు గజాల పని. ఇది చప్పట్లు కొట్టింది. ఆ రోజు నుంచి ఏది చూసినా తల-తోకే, పెట్టెలో చెంచాలు తల-తోక, మంచం మీద నేనూ తనూ తల-తోక, నా మొహం దగ్గర దాని చల్లటి పాదాలు. మామూలు బట్టకి అది బంగారంలాంటి పద్ధతి. మామూలు బట్టకి. ఆ మిగతా సగం మాట నేను నేర్పలేదు. ఎందుకు నేర్పలేదో నాకొక్కదానికే తెలుసు. నోట్లో నువ్వుగింజ నానదని మా ఆయన ఎప్పుడూ వెక్కిరించే నేను, ఒక్క గింజని యాభై ఏళ్ళు నానబెట్టాను.

రొద కొంచెం మారింది. కుదురుకుంటోందా? మనవరాలు చెయ్యి ఊపి బాగానే ఉందంటోంది. మాట్లాడకూడదుగా, నేనూ చెయ్యి ఊపాను. మూగనాటకం ఆడుతున్నాం ఇద్దరం. అక్కడ నాటకాల హాల్లో నల్ల తెర, ఇక్కడ నల్ల తెర, వాసన కూడా ఒకటే, స్పిరిటు వాసన, మరకలు తీసే సీసా మూత తీస్తే వచ్చేది. తెర వెనక నుంచుని ముందు ఏం జరుగుతుందో వినడం నాకు కొత్తా? ఆ రోజు కూడా తెర వెనకే నుంచున్నాను. కొత్త నాటకం, మొదటి ఆట. నాకు ఇరవై రెండేళ్ళు. దుస్తుల గది మేస్త్రీ మొదటిసారి నన్ను నమ్మి రాజుగారి అంగీ నా చేతికిచ్చాడు. ద్రాక్షపండు రంగు మఖమల్, నేలమీద జీరాడేంత పొడవు, పద్నాలుగు ముక్కలు కలిపిన ఘేర, తిరిగితే గొడుగులా విచ్చుకునేది. "జాగ్రత్తమ్మాయ్, బట్ట ఇంతే ఉంది, మళ్ళీ తేలేం," అన్నాడు. చూసుకోండి నా తెలివి, తల-తోక పెట్టి కోశాను, బట్ట మిగిల్చాను కూడా, ఆ మిగిలినదాంతో రాణిగారికి చిన్న సంచి కుట్టిచ్చి మెప్పు పొందాను. బల్ల మీద చూస్తే అంగీ నిప్పు కణికలా ఉంది. కానీ మా గదిలో ఉన్నది ఒక్క పైదీపం. వేదిక మీద దీపాలు పక్కనుంచి కొడతాయి.

మఖమల్‌కి నూగుంటుంది. చెయ్యి కిందికి రాస్తే నున్నగా పడుకుంటుంది, పైకి రాస్తే లేచి మొరాయిస్తుంది, పిల్లి వీపులా. నూగు కిందికున్న ముక్క వెలుతురులో లేతగా కనపడుతుంది, పైకున్న ముక్క వెలుతుర్ని మింగేస్తుంది. రాజుగారు ఠీవిగా నడిచొచ్చి వేదిక మధ్యలో గిర్రున తిరిగారు. ఒక చార ముదురు, ఒక చార లేత, ఒక చార ముదురు, ఒక చార లేత. పద్నాలుగు చారలు. హాల్లో ఎవరో ఆడమనిషి గొంతు, ఖంగుమంటూ, "రాజుగారు పుచ్చకాయలా ఉన్నారే!" అంది. అంతే. ఏడవాల్సిన ఘట్టంలో హాలు హాలంతా పొట్ట పట్టుకుని నవ్వింది. రాజుగారు చచ్చిపోయేటప్పుడు కూడా నవ్వారు. తెర వెనక నాకు తల ప్రాణం తోకకొచ్చింది. మేస్త్రీ ఊగిపోతూ వచ్చి "ఏమిటమ్మా ఇది?" అన్నాడు. నా నోట్లోంచి వచ్చిన మాట నాకిప్పటికీ వినబడుతుంది. "రంగు సరిగా పట్టలేదండీ," అన్నాను.

రంగు వేసిన అతను అక్కడే ఉన్నాడు, చేతులు కడుక్కుంటూ. సన్నగా, పొడుగ్గా, మోచేతుల దాకా ద్రాక్షరంగు. మేస్త్రీ అతన్ని అరగంట తిట్టాడు. అతను నా వైపు ఒక్కసారి చూశాడు, ఒక్క మాట అనలేదు, తల వంచుకుని చేతులు రుద్దుకుంటూనే ఉన్నాడు. రెండేళ్ళ తర్వాత ఆ చేతులతోనే నాకు బిగువు ఉంగరం తొడిగాడు. ఆ తర్వాత నలభై ఒక్క ఏళ్ళ కాపురం, ముగ్గురు పిల్లలు, రెండు ఇళ్ళు మారడం, ఒక వరద. చెప్దాం చెప్దాం అనుకుంటూనే ఉన్నాను. ఒక మధ్యాహ్నం ఆయన కిటికీ పక్కన కూర్చుని పాత కుర్చీ మఖమల్ మీద వేలితో గీతలు గీసి చెరిపేస్తూ, ఊరికే, ఎవరితోనో అన్నట్టు, "రంగు ఏ వైపునుంచి చూసినా రంగే. వైపులున్నది నూగుకి," అన్నాడు. నా చేతిలో సూది ఆగిపోయింది. తెలుసన్నమాట. మొదటి రోజునుంచీ తెలుసు. నేను "అన్నానికి లేవండి," అన్నాను. అదీ నా గొప్ప సమాధానం. ఆయన నవ్వుకుంటూ లేచాడు. ఆ సంగతి మళ్ళీ ఎత్తలేదు, ఎత్తడానికి ఇప్పుడు మనిషీ లేడు.

అందుకే సూదిపిల్లకి మఖమల్ సంగతి చెప్పలేదు. చెబితే పుచ్చకాయ సంగతి చెప్పాలి. పుచ్చకాయ సంగతి చెబితే తాతయ్య తిట్లు తిన్న సంగతి చెప్పాలి. మఖమల్ ఎప్పుడొచ్చినా ఇంకొకళ్ళకి అప్పగించేసేదాన్ని, నాకు దాని ధూళి పడదమ్మా అని. ఇది ఎదిగింది, చదివింది, పెద్ద చదువు మీద ఇంకా పెద్ద చదువు చదివింది, ఓ రోజు సంబరంగా వచ్చి ఓ బూడిదరంగు ఫోటో నా చేతిలో పెట్టింది. పెద్ద మైక్రోస్కోపులో తీసిందట. నాడాలు, వరుసలు వరుసలు. "చూశావా, నువ్వు నేర్పిన కత్తిరింపే. ఒక వరుస పైకి, ఒక వరుస కిందికి పెట్టాను, ఒకదాంట్లో ఒకటి ఒదిగి, అదే చోటులో ఇంకా ఎక్కువ పట్టాయి," అంది. నేను మురిసిపోయి బీరువా తలుపుకి అంటించాను. మురిసిపోయాను! కళ్ళకి శుక్లాలని చెప్పుకుంటాను గానీ, అసలు శుక్లం ఇంకెక్కడో ఉంది నాకు.

రెండేళ్ళు ఆ నాడాలు పలకలేదు. మామూలు వెలుతురుతో ఎన్ని పరీక్షలు పెట్టినా అన్నిట్లోనూ బంగారమే, తప్పు పట్టడానికి లేదు. ఆకుపచ్చ మాత్రం రాదు. నిరుడు ఓ రోజు టిక్కులు మొదలయ్యాయి, సెకనుకి ఐదు. ఇది గాల్లో తేలింది. నలుగురిలో చెప్పడానికి పెద్ద సభకి వెళ్ళింది, నేనే దుస్తులు కుట్టాను, చివరి వరసలో కూర్చున్నాను. అంతా చెప్పాక గళ్ళ చొక్కా ఆయన లేచి మర్యాదగానే అడిగాడు, "లోపలికి పంపేది రెట్టింపు చేసి చూశారా?" అని. దీని మొహం పాలిపోయింది. ఆ తొందరలో చూడలేదు. సంతలో జనం రెట్టింపైతే, ఒకళ్ళకొకళ్ళు గుద్దుకునేవాళ్ళు నాలుగింతలవుతారు కదా, అలాగే రెండేసి కలవాల్సిన నలుసులైతే నాలుగు రెట్లు టిక్కులు రావాలి. ఊరికే ఎక్కడినుంచో కారుతున్న వెలుతురైతే రెట్టింపే వస్తుంది. ఐదు ఇరవై కావాలి. తిరిగొచ్చి చూస్తే పది అయింది. పెట్టెకి మేత వేసే ఇంకో దీపం ఉందట లోపల, అదీ ఆకుపచ్చే, దాని వెలుతురు సందులోంచి కారుతోంది. అంతే, అంతకన్నా ఏం లేదు. తనే ఉత్తరం రాసి అందరికీ చెప్పింది, నేను పొరబడ్డాను అని. ఒక్క సంతకం, ఎవరి మీదా తోసెయ్యలేదు. ఆ ఉత్తరం చదివించుకుని విన్నప్పుడు నాకు చెమటలు పట్టాయి. ఇరవై రెండేళ్ళప్పుడు నాకు లేని వెన్నెముక దీనికెక్కడిది? తాతయ్యదే అయ్యుండాలి.

ఆ వారం ఇది మా ఇంట్లో నేలమీద పడుకుని, కాళ్ళు గోడకి ఆనించి, పైకప్పు చూస్తూ గడిపింది. నేను దుప్పటి తీద్దామని బీరువా తలుపు తీశాను. తలుపు తిరిగింది, ఫోటో మీద కిటికీ వెలుతురు పక్కనుంచి పడింది. ఒక వరుస ఇటు, ఒక వరుస అటు. ఇటు, అటు. నాకు హాల్లో నవ్వు వినబడింది. పుచ్చకాయ! ఒక వరుస ఆకుపచ్చని పైకి తోస్తుంటే పక్క వరుస కిందికి లాగుతోంది, తాడులాటలో రెండు పక్షాలూ సమానమైతే తాడు ఎక్కడికి పోతుంది? నాకు ఆ చదువు రాదు, నూగు వచ్చు. మామూలు వెలుతురుకి అది నూలుబట్ట, తలకిందులైనా ఒకటే. ఈ ఆకుపచ్చ మాత్రం మఖమల్. నాలుగు రోజులు బిగబట్టాను. అన్నం సహించలేదు. నేను చెప్పింది తప్పయితే నవ్వుతుంది, ఒప్పయితే రెండేళ్ళు నావల్లే పోయాయి. ఐదో రోజు స్టూలు లాక్కుని దాని తల దగ్గర కూర్చుని, రాజుగారి దగ్గర మొదలుపెట్టి మొత్తం చెప్పేశాను. తాతయ్య సంగతి కూడా. ముందు నవ్వింది, పుచ్చకాయకి. తర్వాత టక్కున లేచి కూర్చుంది. ఫోటో పీక్కుని చూసింది. "అన్నీ ఒకే వైపు..." అని గొణిగి, నా వైపు తిరిగి, "ఇన్నేళ్ళు ఎందుకు చెప్పలేదు?" అంది. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు ఫోన్ చేసి, "కొత్త ముక్క కోయిస్తున్నా. నూగంతా ఒకే వైపు," అంది. అంతే, పెట్టేసింది. కోస్తారట, దాన్ని కూడా. కంటికి ఆనని సూది ఒకటి ఉందట ఒక మిషన్లో, అది ఒక్కో నాడానీ గీస్తుంది, రోజున్నర పట్టింది. సూదే మళ్ళీ.

తలుపు. గళ్ళ చొక్కా వచ్చేశాడు. ఇవాళ కూడా గళ్ళే, జేబు దగ్గర గళ్ళు కలవలేదు, కుట్టినవాడి చేతులు విరగ్గొట్టాలి. నన్ను చూసి చెయ్యెత్తి నమస్కారం పెట్టాడు, ఆయనా ఈత కళ్ళజోడు తగిలించుకున్నాడు. దీపాలు ఆర్పేశారు. చీకటి, పెట్టె రొద. "ముందు కిరణం మూసి వినిపిస్తాను సార్," అంది నా మనవరాలు. టిక్. చాలాసేపటికి ఇంకో టిక్. ఊరికే ఉన్నా ఏదో ఒకటి అంటుందట ఆ గొట్టం, నాలాగే. "కారే సందులన్నీ నల్ల టేపు వేసి మూశాను." "చూశాను. తెరవండి," అన్నాడాయన. తెరిచింది. టిక్ టిక్ టిక్ టిక్ టిక్. చేత్తో వేసే కుట్టు కన్నా జోరు, మిషను కన్నా నెమ్మది. ఐదు. నిరుడూ ఐదే. ఐదుతో సంబరపడకు ముసలిదానా, ఐదు మోసం చేసింది. నా చేతులు వెతుక్కుంటున్నాయి, ఉంగరం తిప్పడానికి, ఉంగరం లేదు, గాడిని తిప్పుతున్నాను. "రెట్టింపు," అన్నాడాయన. పిడి తిరిగిన చప్పుడు. పదా, ఇరవయ్యా, పదా, ఇరవయ్యా. ఏవండీ, వింటున్నారా? మీరు తిన్న తిట్లన్నీ ఇవాళ...

ముందు నాకు చెవితో తెలియలేదు. కాలితో తెలిసింది. ప్లాస్టిక్ తొడుగులో నా కుడికాలు దానంతటది తొక్కడం మొదలుపెట్టింది, మడమ, మునివేళ్ళు, మడమ, మునివేళ్ళు. ముప్పై ఆరేళ్ళు తొక్కిన కాలది, దానికి పదీ తెలుసు ఇరవయ్యీ తెలుసు. పది అంటే పట్టు మీద మెల్లగా వేసే కుట్టు. ఇది అది కాదు. ఇది పొడవాటి సూటి అంచు దొరికినప్పుడు పూర్తి జోరులో తొక్కే కుట్టు, గజాలకి గజాలు జారిపోయేది. టికటికటికటిక. ఇరవై! "ఇరవై," అన్నాను బయటికే. "పందొమ్మిదిన్నర," అంది నా మనవరాలు కంప్యూటరు తెర చూస్తూ. "అమ్మమ్మా, కాలు!" "కాలికేం తెలుసే నీ బల్ల సంగతి!" అన్నాను. గళ్ళ చొక్కా నవ్వలేదు. "సగానికి తగ్గించండి," అన్నాడు. మొదట ఐదు పలికిన వెలుతురులో సగానికన్నమాట. టిక్... టిక్. ఒకటీ అరా. నాలుగోవంతు. మళ్ళీ పెంచమన్నాడు, మళ్ళీ ఇరవై. కిరణం మూయమన్నాడు, నిశ్శబ్దం. తెరవమన్నాడు, జడివాన. ఆరు సార్లు. మేస్త్రీ కూడా ఇలాగే చూసేవాడు, కుట్టు రెండు చేతులా పట్టి లాగి లాగి, తెగుతుందేమోనని. మంచి మేస్త్రీకి తెగకపోతేనే సంతోషం. ఆయన ఊపిరి చప్పుడు మారింది, నాకు తెలుస్తోంది, ఆయనా తెగకూడదనే లాగుతున్నాడు.

మాట్లాడకూడదన్న సంగతి ఎప్పుడో గాలికి పోయింది. "పాత ముక్క పక్కన పెట్టి చూడండి నాయనా," అన్నాను. "రెండు బట్టలు ఒకే దీపం కింద చూడందే తేడా ఒప్పుకోకూడదు." "ఉందా పాతది?" అన్నాడాయన. ఉండకేం, సూదిపిల్ల ఏదీ పారెయ్యదు. మార్చింది. అదే పెట్టె, అదే కిరణం, అదే బంగారం, నాడాలు ఇంకా ఎక్కువ కూడా. ఒక వరుస ఇటు, ఒక వరుస అటు. టిక్. చాలాసేపు ఏమీ లేదు. ఇంకో టిక్. రెండేళ్ళ మౌనం అది, నా మౌనం. రాజుగారు చీకట్లో నుంచున్నారు, పద్నాలుగు చారలతో. "కొత్తది పెట్టు," అన్నాను, ఆయన అనేలోపే. పెట్టింది. జలజలా కురిసింది. ఆకుపచ్చ వాన, నా కంటికి ఆనని ఆకుపచ్చ, చెవినిండా, ఒళ్ళంతా. ఒక్క నాడా కూడా ఎదురు తిరగకుండా, కోట్ల నాడాలు ఒక్క వైపు తల తిప్పి పాడుతున్నాయి. నా మనవరాలు చీకట్లో వచ్చి నా మెడ కావలించుకుంది, రెండు ఈత కళ్ళజోళ్ళూ టకామని కొట్టుకున్నాయి, దాని చెంప తడి, నా చెంప తడి, ఎవరిది ఎవరిదో. "సూదొకటి దొరికింది అమ్మమ్మా," అంది నా చెవిలో.

దీపాలు వెలిగాయి. కిరణానికీ గొట్టానికీ కలిపి మూతపెట్టె వేసింది కాబట్టి ఆపక్కర్లేదట, టిక్కులు మోగుతూనే ఉన్నాయి. గళ్ళ చొక్కా ఆయన కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు. "ఒప్పుకున్నానమ్మా. నిరుడు ఎంత గట్టిగా అడిగానో, ఈసారి అంత గట్టిగానూ చెబుతాను, ఆ సభలోనే," అన్నాడు నా మనవరాలితో. "ఇంతమందిమి ఒక్కో నాడానీ చూశాం గానీ వరుసను చూడలేదు. ఎవరు పట్టుకున్నారు?" ఇది నా వైపు వేలు చూపించింది. ఎక్కడో బల్ల కిందనుంచి తల పైకి పెట్టినట్టు, అదే గర్వం. ఆయన నా ముందుకొచ్చి నుంచున్నాడు. "పెద్దమ్మగారూ, ఎలా తెలిసింది మీకు?" అన్నాడు. చెప్పనా? తెర వెనక నుంచున్న ఆ ఇరవై రెండేళ్ళ పిల్ల నోరు తెరిచి చూస్తోంది. రంగు చేతుల మనిషి చేతులు కడుక్కోవడం ఆపి తలెత్తాడు.

"మీరెప్పుడైనా మఖమల్ కత్తిరించారా నాయనా?" అన్నాను. లేదన్నాడు. "అయితే ఆ స్టూలు లాక్కుని కూర్చోండి, పని ఉన్నా సరే. అమ్మాయ్, ఆ టిక్కులు ఆపకు, మోగనీ. యాభై ఒక్క ఏళ్ళ కిందట ఒక రాజుగారికి నేను అంగీ కుట్టాను. నిలువునా పుచ్చకాయ అయిపోయాడు పాపం. రంగు బాగా పట్టలేదని తేల్చారు అందరూ. మీకు మొట్టమొదట చెప్పేదేమిటంటే, ఆ రంగు వేసిన మనిషి అంతటి పనివాడు ఇంకొకడు లేడు, ఆ రంగులో వీసమెత్తు తప్పు లేదు. కోసింది నేను. తప్పు నాది."